జతలో ఒకటి

పోయిన వారం కమాండర్‌ని పుస్తకాల గది గుమ్మంలోనే నిలబెట్టి వచ్చేశాం. చంకలో పాత ఉత్తరాల కట్ట, కాళ్ళకి ఇంకా విప్పని చెప్పులు, కళ్ళు మాత్రం ఎదురుగా ఉన్న బీరువా పై అర మీద. ఆ అరలో గుర్రపు దళాల డ్రిల్లు పుస్తకాలు, కోటల ముట్టడి మీద రాసిన పుస్తకాలు, సైన్యంలో వైద్యులుగా పనిచేసినవాళ్ళ జ్ఞాపకాలు వరసగా నిలబడి ఉంటాయి. వరస ఒరిగిపోకుండా అటొకటి ఇటొకటి ఇనప ఫిరంగి గుండ్లు కాపలా కాస్తుంటాయి. కుడివైపు గుండు ఉంది. ఎడమవైపు గుండు లేదు. ఆసరా పోయిన పుస్తకాలన్నీ ఎడమకి వాలిపోయి, చివరిది అర అంచున వేలాడుతోంది. "ఇక్కడి గుండేది?" అని ఆయన అడిగాడు. "తమ్ముడికిచ్చాను" అని నడవాలోంచి భార్య జవాబు చెప్పింది. కుట్టుమిషను మీంచి తల కూడా ఎత్తలేదు.

కొత్తగా మనతో కలిసినవాళ్ళ కోసం ఒక్క మాట. మన కమాండర్ ఏనాడూ సైన్యంలో లేడు. తూనికలు కొలతల ఆఫీసులో పనిచేసి, అంగడి అంగడికీ తిరిగి త్రాసులు తనిఖీ చేసి, తప్పుడు తూకాలవాళ్ళని గడగడలాడించి రిటైరయ్యాడు. ఆయనకి యుద్ధమంటే చెదలు తినగా మిగిలిన పుస్తకం, గుడ్డకి అతికించిన పటం, సొట్టపడిన బూరా, ఎవరో కుర్ర సిపాయి ఉన్ని మేజోళ్ళు పంపమని అమ్మకి రాసుకున్న ఉత్తరం. వీధిలోవాళ్ళు వేళాకోళానికి పెట్టిన పేరు 'కమాండర్'. ఆయనకి అది వేళాకోళమని ఇప్పటిదాకా తెలియదు. భార్య ఇంట్లోనే ఆడపిల్లలకి కుట్టుపని నేర్పుతుంది. అందరూ టీచరమ్మ అంటారు. ఒక సైనికుడి ట్రంకు పెట్టెకి చోటు కావలసివచ్చి, ఈమధ్యే ఆమె కుట్టుమిషను గదిలోంచి నడవాలోకి గెంటబడింది. గుండు తమ్ముడి పాలు కావడానికి సగం కారణం ఆ ట్రంకు పెట్టె.

కమాండర్ చప్పుడు చేయకపోయేసరికి ఆమె తల ఎత్తింది. మొగుడి మొహం పాలిపోయి ఉంది. వస్తువు పోయిందన్న దిగులు అనుకుంది. పైకి విసుక్కున్నా లోపల కాస్త తృప్తిగానే ఉంది.

"ఏమండీ, ఆ మొహమేంటి? ఇనపముద్దే కదా. మీ దగ్గర రెండున్నాయి, ఒకటిచ్చాను. వాడు నోరు తెరిచి అడిగాడు."

"ఎప్పుడు తీసుకెళ్ళాడు?"

"పొద్దున్నే. మీరు అటు వెళ్ళారు, వాడు ఇటు వచ్చాడు."

"ఎందుకడిగాడు? దాంతో వాడికేం పని?"

"కొత్తిల్లు కదండీ. టేబుల్ లైటు చేయిస్తాడట. కింద గుండు, దాని మీద గొట్టం, పైన గొడుగు. వైరు దూరడానికి మధ్యలో బెజ్జం వేయిస్తే చాలంట. లేతు షాపులో ఇచ్చి వెళ్తానన్నాడు."

చంకలోని ఉత్తరాల కట్ట జారి నేలమీద పడింది. దారం తెగి కాగితాలు గది నిండా చెదిరిపోయాయి. అవి ఎలాంటి ఉత్తరాలంటే, వాటిని కొనుక్కుని బస్సులో వచ్చేటప్పుడు కూడా కమాండర్ చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇప్పుడు ఒక ఉత్తరం ఆయన చెప్పు కిందే ఉంది. ఆయన కాలు తియ్యలేదు. అది చూసి టీచరమ్మకి మొదటిసారి భయం వేసింది.

"బెజ్జం వేస్తారా?" అన్నాడు కమాండర్. "డ్రిల్లుతోనా?"

"డ్రిల్లుతో కాక పళ్ళతో వేస్తారా? ఏమైందో చెప్పండి ముందు."

"మీ తమ్ముడికి ఫోన్ చెయ్యి. నా స్కూటరు తాళం ఏది?"

"సంగతి చెప్తేగానీ చెయ్యను."

కమాండర్ గోడకున్న పటం వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు. ఎటు చూసినా భార్య కళ్ళే కనిపించాయి కాబోలు, చివరికి నేల చూస్తూ చెప్పాడు.

"ఒకదాంట్లో మందు తియ్యలేదు."

"ఏం మందు?" అని అడిగింది టీచరమ్మ. అడుగుతుండగానే ఆమెకి తెలిసిపోయింది.

ఆ గుండ్లు ఉత్త ముద్దలు కావు. లోపల డొల్ల. ఆ డొల్లలో తుపాకిమందు కూరి, పైన ఇత్తడి బిరడా బిగించి ఫిరంగిలోంచి వదిలేవారు, అవతలివాళ్ళ మధ్య పడి పేలడానికి. ఆ జత ఇంటికొచ్చిన రోజున ఈ సంగతి విని ఆమె పెద్ద రభస చేసింది. మందు తీయిస్తేగానీ ఇంట్లో వంట చేయనని మొండికేసింది. కమాండర్ రెండింటినీ గోనెసంచిలో వేసుకుని కమ్మరి దగ్గరికి మోసుకెళ్ళాడు. తిరిగొచ్చి, "రెండూ ఖాళీ. ఇక నిశ్చింతగా ఉండు" అన్నాడు. ఆమె నిశ్చింతగానే ఉంది. ఆ బీరువా కిందే కూతురు పాఠాలు చదువుకుంది. ఆ బీరువా కిందే ఇప్పుడు మనవరాలు పాకుతోంది.

"మీరు ఖాళీ చేయించానన్నారు" అంది. "నా ఎదురుగా నిలబడి చెప్పారు."

"ఒకటి చేయించాను."

"రెండోది?"

"తెచ్చేశాను."

అలా చెబుతూనే ఆయన తాళం కోసం వెతుకుతున్నాడు. బల్ల సొరుగు లాగాడు. ట్రంకు పెట్టె మూత ఎత్తాడు. జేబులు రెండుసార్లు తిరగేశాడు. టీచరమ్మ తమ్ముడి నంబరు నొక్కి ఫోను చెవికి ఆనించుకుని, మొగుడి వెనకే గదంతా తిరుగుతూ అడుగుతోంది.

"ఎందుకు తెచ్చారు?"

"కమ్మరి మొదటిదాన్ని నీళ్ళ తొట్టిలో ముంచి బెజ్జం వేశాడు. నల్లటి బురద కారింది. అంతా కడిగి నా చేతికిచ్చాడు. చూస్తే... నడుమున ఇంత బెజ్జం. అంతకాలం ఏ మచ్చా లేకుండా వచ్చిన వస్తువు నా చేతుల్లో పాడైపోయింది. రెండోదానికి ఆ గతి పట్టించలేకపోయాను."

"అయ్యో పాపం!" అంది టీచరమ్మ. "దాని ఒంటికి మచ్చ పడకూడదు. నా పిల్ల ఏమైపోయినా ఫర్వాలేదు. అంతేగా?"

పాత వస్తువులు సేకరించేవాళ్ళకి ఒక నీతి ఉంది. దేన్నీ తోమకూడదు, అతకకూడదు, రంగు వేయకూడదు, మెరుగు పెట్టకూడదు. వస్తువు ఎలా దొరికిందో అలాగే ఉంచాలి. బయటివాళ్ళకి అది పిచ్చి. లోపలివాళ్ళకి అది మర్యాద. కమాండర్ ఆ మర్యాద కోసం ఇంటిల్లిపాదినీ మందుగుండు కింద పడుకోబెట్టాడు. దాన్ని ఏ పేరుతో పిలవాలో మీరే చెప్పండి, నాకైతే నోటికి రావడం లేదు.

తమ్ముడు ఫోన్ ఎత్తాడు. వెనకాల సుత్తుల మోత. ఎక్కడో నిచ్చెన మీదున్నాడు. ఆమె గుక్క తిప్పుకోకుండా అడిగింది, అతను తీరిగ్గా చెప్పాడు. గుండు బస్సు డిపో వెనకనున్న లేతు షాపులో ఉంది. భోజనం చేసొచ్చాక మొదలుపెడతానని మేస్త్రీ మాటిచ్చాడు. "వాడికి ఫోన్ చేసి ఆపెయ్యమను, ఇప్పుడే" అంది అక్క. "వాడు ఎత్తడక్కా, మిషను మోతలో వాడికేం వినపడదు. ఏంటి, బావగారికి కోపమొచ్చిందా?" అన్నాడు తమ్ముడు నవ్వుతూ. ఆమె సంగతి చెప్పింది. అటువైపు నవ్వు ఆగిపోయింది. తను ఊరి ఆ చివరున్నాడు, వెంటనే బయల్దేరినా వాళ్ళకంటే ముందు చేరలేడు.

భోజనాల వేళ ఎప్పుడో దాటిపోయింది.

"మరి చూస్తే తెలియదా?" అంది టీచరమ్మ ఉన్నట్టుండి. "బెజ్జమున్నది ఖాళీది, లేనిది మందున్నది. తీసుకెళ్ళినదానికి బెజ్జం ఉందో లేదో తమ్ముణ్ణి అడుగుతానుండండి."

"అడక్కు."

"ఎందుకు?"

"బెజ్జం పూడ్చేశాను."

ఆమెకి అర్థం కాలేదు. కమాండర్ గోడకి చేరబడి, దొంగతనం ఒప్పుకునేవాడిలా చెప్పుకొచ్చాడు. జతలో ఒకదానికి బెజ్జం, ఒకదానికి లేదు. పక్కపక్కన పెడితే కంట్లో నలుసులా ఉండేదట. అందుకని ఇనప రజను, లక్క కలిపి కూరి, పైన తుప్పు రంగు పట్టించాడు. అతుకు ఎక్కడుందో ఆయనకే కనిపించనంత బాగా కుదిరింది. ఇది తోటి సేకరణదారులకి తెలిస్తే మొహం మీద ఉమ్ముతారు, అందుకని ఎవరికీ చెప్పలేదు. టీచరమ్మ చిరిగిన కోటుకి రఫూ చేస్తే చిరుగెక్కడో ఎవరూ పట్టలేరు. ఈ మనిషి ఫిరంగి గుండుకి రఫూ చేశాడు.

"బరువు?" అంది ఆమె. అన్నేళ్ళ కాపురం కదా, ఈయన అక్కడితో ఆగి ఉండడని ఆమెకి తెలుసు. "మందు తీసేస్తే బరువు తగ్గాలిగా?"

"తగ్గింది."

"ఇసక పోశారా?"

"జల్లెడ పట్టి, తూచి పోశాను" అన్నాడు కమాండర్. ఆ స్థితిలో కూడా గొంతులో రవ్వంత గర్వం తొంగిచూసింది. "ఏ త్రాసులో పెట్టినా ముల్లు కదలదు."

టీచరమ్మ నెత్తి కొట్టుకుంది. అలంకారానికి చెప్పడం లేదు, నిజంగానే కొట్టుకుంది.

"మరి ఏది ఏదో మీకెలా తెలుస్తుందయ్యా మహానుభావా? గుర్తుగా ఓ చీటీ అయినా కట్టలేకపోయారా?"

"కట్టాను. చిన్న చీటీ, దారంతో. కొన్నాళ్ళకి చూస్తే లేదు."

మురికిపట్టిన దారం ముక్క ఒకటి కత్తిరించి చెత్తలో పారేసినట్టు ఆమెకి లీలగా గుర్తుంది. ఆ మాట ఇప్పుడు అనవసరం అనుకుంది.

"అయినా చీటీ అక్కర్లేదు" అన్నాడు కమాండర్. "నేను పెట్టడమే లెక్కగా పెట్టాను. మందున్నది ఎడమవైపు, ఇసకది కుడివైపు. మీ తమ్ముడు ఎడమది పట్టుకెళ్ళాడు. అంటే అసలుదే వెళ్ళింది."

అసలుదే వెళ్ళింది. లేతు షాపు మేస్త్రీ దాన్ని బిగించి, డ్రిల్లు ఆనించి, మీట లాగుతాడు. ఇనుము మీద ఇనుము తిరిగి ఎర్రగా కాలుతుంది. ఆ తర్వాత ఏమవుతుందో ఇద్దరికీ కళ్ళకి కట్టింది. ఆ మేస్త్రీ ఎవరో టీచరమ్మకి తెలియదు. తెలియని మనిషి చావు తన చేతులమీదుగా వెళ్ళిందే అనుకుంది.

తాళం చివరికి ఒక పాత ఇనప శిరస్త్రాణంలో దొరికింది. కమాండర్ బయటినుంచి రాగానే అందులోకి విసిరేయడం అలవాటు. ఏ సైనికుడి తల కాపాడిందో తెలియదుగానీ, రిటైరైన దగ్గర్నుంచీ అది తాళాల గిన్నె.

ఈ హడావిడికి లోపలి గదిలోంచి కూతురు వచ్చింది. పుట్టింట్లో కొన్నాళ్ళుందామని చంటిదాన్ని వేసుకుని వచ్చిన పిల్ల. ఇంట్లో అందరూ 'చిట్టి' అంటారు.

"ఏంటమ్మా ఈ గోల? పాప ఇప్పుడే పడుకుంది."

"నువ్వు పాపనెత్తుకుని పక్కింటికెళ్ళు" అంది టీచరమ్మ. "ఈ ఇంట్లో ఉండకు."

"ఎందుకు వెళ్ళాలి?" అడ్డుపడ్డాడు కమాండర్. భార్య ముందు పోయిన పరువు కూతురి ముందైనా నిలుపుకోవాలనుకున్నాడు. "ఊరికే పిల్లని హడలగొట్టకు. చిట్టీ, ఇదిగో, ఇక్కడున్న గుండు ఖాళీది. లోపల ఇసక. పాప దొర్లించుకుని ఆడుకున్నా ఏం కాదు. మేం ఓ పని మీద వెళ్ళి వస్తాం."

"ఖాళీదైతే అమ్మకెందుకంత కంగారు?"

"మీ అమ్మ సంగతి నీకు తెలీదా?" అన్నాడు కమాండర్. టీచరమ్మ చూసిన చూపుకి మరోసారైతే తలుపు చాటుకి తప్పుకునేవాడే.

గేటు తీసేసరికి ఎదురుగా 'భూతద్దం' అని అందరూ పిలిచే పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ఆయనా పాత సైనిక వస్తువులు పోగుచేసేవాడే. మెడలో ఎప్పుడూ ఒక భూతద్దం వేలాడుతుంది, అన్నం ముందు పెట్టినా దాంతోనే చూస్తాడు. కొత్త ఉత్తరాలు తెస్తున్నానని కమాండరే నిన్న కబురు పెట్టాడు.

"వచ్చాయా ఉత్తరాలు?" అన్నాడు ఆత్రంగా.

"గదిలో ఉన్నాయి, నేలమీద. మా అమ్మాయి చూపిస్తుంది, కూర్చోండి" అని కమాండర్ స్కూటరు ఎక్కాడు. ఆ ఉత్తరాల్ని తను చూడకముందే ఇంకొకరికి అప్పగించడం ఆయన జన్మలో అదే మొదలు. భూతద్దం నమ్మలేక రెండుసార్లు వెనక్కి తిరిగి చూస్తూ లోపలికెళ్ళాడు.

స్కూటరు మీద టీచరమ్మ ఒక చేత్తో మొగుడి భుజం, ఇంకో చేత్తో ఫోను పట్టుకుంది. తమ్ముడిచ్చిన నంబరుకి చేస్తూనే ఉంది. అటు మోగుతోంది, మోగి మోగి ఆగిపోతోంది. మళ్ళీ చేస్తోంది. మోగుతున్నంతసేపూ ఆమెకి ఒక ధైర్యం. షాపుంది, ఫోనుంది, అంటే ఇంకా ఏమీ కాలేదు. ఆగిపోగానే గుండె జారిపోతోంది. డిపో వైపు వెళ్ళే రోడ్డు గొట్టాల కోసం తవ్వేసి ఉంది. కమాండర్ మట్టిగుట్ట ఎక్కించి, ఒక కూరగాయల బండిని రాసుకుంటూ, తిట్లు తింటూ సందులోంచి తీసుకెళ్ళాడు. ఏనాడూ మలుపు దగ్గర చెయ్యి చూపించకుండా తిరగని మనిషి.

"నిజం చెప్పండి" అంది ఆమె వెనకనుంచి, గాలికి అరుస్తూ. "ఆ గదిలో ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా?"

కమాండర్ నిజాయితీగా ఆలోచించాడు.

"ఒక బాకు కాస్త పదునుంది."

ఆమెకి నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. మొగుడి వీపు మీద ఒక్క గుద్దు గుద్ది, ఆ చొక్కాకే కళ్ళు తుడుచుకుంది.

డిపో గోడ మలుపు తిరగ్గానే చప్పుడు వినిపించింది. కీచుమంటూ ఒకటే మోత. ఇద్దరికీ అదేమిటో అర్థమైంది. కమాండర్ స్కూటరుకి స్టాండు కూడా వేయలేదు, అలాగే వదిలేసి పరిగెత్తాడు. అది పక్కకి పడిపోయింది. లేతు షాపు రేకుల కింద, ఇనప రజను పొగలో, మేస్త్రీ వాళ్ళ వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. చెవుల్లో దూది. ఎదురుగా మరలో బిగించిన గుండు, దాంట్లోకి సగం దిగిన డ్రిల్లు.

"ఆపండి! ఆపండయ్యా!" అని కమాండర్ అరిచాడు. ఆయన అరుపు ఆయనకే వినపడలేదు. ముందుకెళ్ళి మేస్త్రీ భుజం పట్టుకోవాలి. అడుగు పడలేదు. ఇన్ని యుద్ధాలు చదివిన మనిషికి ఆ రేకుల షెడ్డులోకి అడుగు పడలేదు.

టీచరమ్మ ఆయన్ని పక్కకి తోసి లోపలికెళ్ళింది. గోడకున్న మెయిన్ స్విచ్చు కిందికి లాగేసింది.

మోత తగ్గి, తగ్గి, ఆగిపోయింది. మేస్త్రీ తిరిగి చూశాడు. ముక్కూ మొహం తెలియని ఆడమనిషి ఒకామె స్విచ్చుని వదలకుండా పట్టుకుని ఉంది. గుమ్మంలో ఒక పెద్దాయన రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు.

"ఎవరండీ మీరు? ఏంటి ఈ దౌర్జన్యం?" అన్నాడు చెవుల్లో దూది తీస్తూ.

"దాన్ని ముట్టుకోకండి" అన్నాడు కమాండర్. "బయటికి రండి. మెల్లగా. అందులో మందుగుండు ఉంది."

మేస్త్రీ ఒకసారి గుండు వైపు చూశాడు, ఒకసారి కమాండర్ వైపు చూశాడు. అతని మొహంలో భయం కనిపించలేదు, చిరాకు కనిపించింది.

"ఇందులోనా? మందుగుండా? ఏదో దరిద్రం ఉందిలెండి, నా బిట్టు రెండుసార్లు అరిగిపోయింది. లైటు చెయ్యాలని ఇచ్చి వెళ్ళినాయన ఉత్త ఇనుమన్నాడు. అసలు లోపల ఏముందో చూడండి" అంటూ, కమాండర్ "వద్దొద్దు" అంటుండగానే, డ్రిల్లు చేత్తో వెనక్కి తిప్పి లాగేశాడు.

బెజ్జంలోంచి సన్నగా ఇసక కారింది.

ఆగకుండా కారింది. మిషను బల్ల మీద చిన్న కుప్ప పడింది, కుప్ప జారి నేల మీద పడింది. తెల్లటి, మెత్తటి, జల్లెడ పట్టిన ఇసక.

ముందు టీచరమ్మ నవ్వింది. తర్వాత కమాండర్ నవ్వాడు. అక్కడున్న నూనె డబ్బా మీద కూలబడి, చేతులతో మొహం కప్పుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. "ఇసక... ఇసకే..." అంటున్నాడు. మేస్త్రీకి మండిపోయింది. "మీకు నవ్వులాటగా ఉంది. నా బిట్లు ఎవరు కొనిస్తారు?" అన్నాడు. "నేను కొనిస్తానయ్యా, ఎన్ని కావాలంటే అన్ని" అంది టీచరమ్మ. పరాయి మనిషైపోయాడుగానీ, ఆ క్షణాన అతన్ని కావలించుకుని ఏడవాలనిపించింది. మనిషి నిలువునా ఉన్నాడు. చేతులున్నాయి, కళ్ళున్నాయి, నోరు బాగానే పనిచేస్తోంది. ఆమెకి అంతకంటే ఏమీ అక్కర్లేదనిపించింది.

కమాండర్ లేచి బల్ల మీది ఇసక చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలిపాడు. తను పోసిందే. సందేహం లేదు. గింజ గింజా తనకి తెలుసు. పెదాల మీద నవ్వు అలాగే ఉంది కానీ, వేళ్ళు ఆగిపోయాయి.

"ఎడమదే కదా ఇచ్చావు?" అన్నాడు.

"ఎడమదే. మీరూ చూశారుగా."

"ఎడమదాంట్లో ఇసక ఉండకూడదే." ఆయన మాట నెమ్మదిగా వస్తోంది. "నేను ఎడమవైపు పెట్టింది... నువ్వు వాటిని ఎప్పుడైనా దింపావా?"

"ఎప్పుడైనా ఏంటి? వారం వారం దింపుతాను. మీరు దుమ్ము తుడవనివ్వరు, చంటిపిల్ల తిరిగే ఇల్లు, అలాగే వదిలేస్తానా? మీరు బయటికెళ్ళినప్పుడు రెండూ దింపి తుడిచి మళ్ళీ పెడతాను."

"మళ్ళీ పెట్టేటప్పుడు ఏది ఎటు..."

"ఏ చేతికి ఏదొస్తే అది" అంది టీచరమ్మ. ఆ మాట పూర్తవకముందే ఆమె మొహంలో రక్తం ఇంకిపోయింది.

ఇక్కడిది ఇసకది. ఇంట్లో కుడివైపున ఉన్నది అసలుది. పాప దొర్లించుకుని ఆడుకున్నా ఏం కాదని తండ్రి చెప్పి వచ్చింది దాని గురించే.

ఫోను ఆమె చేతిలోనే ఉంది. కమాండర్ లాక్కుని నొక్కాడు. మోగింది. ఇంకా మోగింది. మేస్త్రీ కూడా ఏదో గ్రహించి దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చివరికి అటునుంచి చిట్టి గొంతు వినిపించింది. హాయిగా, ఏ తొందరా లేకుండా ఉంది.

"చెప్పు నాన్నా. వెళ్ళిన పని అయిందా?"

"పాపెక్కడుంది?"

"నా దగ్గరే. లేచింది. పుస్తకాల గదిలో అంకుల్ పక్కనే ఆడుతోంది."

"చిట్టీ, ఆ గుండు..."

"ఆ, నేనే చేద్దామనుకున్నా. దాని ఇత్తడి బిరడా అడుగున ఏదో తయారీ ముద్ర ఉంటుందట కదా? అంకుల్‌కి అది చూడాలని ఎప్పటినుంచో కోరికట. నువ్వెప్పుడూ ముట్టుకోనివ్వలేదటగా. ఖాళీదే, ఇసకే అని నాన్న చెప్పాడు, తీసుకోండి అన్నాను. కింద పెట్టి తిప్పుతున్నారు పాపం, చెమటలు కక్కుతున్నారు."

కమాండర్ నోరు తెరిచాడు. టీచరమ్మ ఆయన చెయ్యి పట్టి ఊపుతోంది, "చెప్పండి, చెప్పండి" అంటోంది. ఆయన గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు.

"బాగా బిగుసుకుపోయిందట నాన్నా" అంది చిట్టి. "సుత్తి ఎక్కడ పెట్టావు? ...ఆ, అక్కర్లేదులే, అంకుల్‌కి దొరికింది."

ఆ వెంటనే ఫోనులోంచి ఠంగుమని మొదటి దెబ్బ వినిపించింది.